దయ్యాలొస్తే తలుపు తీయండి

అక్టోబర్ ఆఖరు రాత్రి పరాయి దేశంలో మన వాళ్ల గుమ్మం ముందుకు పిల్ల దయ్యాలు వస్తాయి. లైట్లార్పి లోపల కూర్చోవాలా? చాక్లెట్లు పోసి పంపేయాలా? హాలోవీన్‌ని అర్థం చేసుకోవడానికి మూడో దారి కూడా ఉంది.

సెప్టెంబర్ సగం దాటేసరికి అమెరికాలో సూపర్ మార్కెట్ల ముందు గుమ్మడికాయలు రాశులు పోసి ఉంటాయి. అక్టోబర్ వచ్చిందంటే ఇళ్ల ముందు పచ్చికలో ప్లాస్టిక్ సమాధులు మొలుస్తాయి. దూది పోగులు సాగదీసి చెట్లకు సాలెగూళ్లు కడతారు. పన్నెండడుగుల అస్థిపంజరం ఒకటి పై అంతస్తు కిటికీలోకి తొంగి చూస్తుంటుంది. ఆగస్టులో ఫాల్ సెమిస్టర్‌కి దిగిన విద్యార్థి, ప్రాజెక్టు పని మీద కొత్తగా వెళ్లిన ఇంజినీరు, మనవణ్ని చూసుకుంటూ ఆర్నెల్లు ఉండొద్దామని వెళ్లిన అమ్మమ్మ... వీళ్లలో చాలామందికి అక్కడ వీధంతా కలిసి చేసే పండుగగా మొదట ఎదురయ్యేది ఇదే. దీపాలు పెట్టే వేళ చావు మాటెత్తితే కసురుకునే ఇళ్లలో పెరిగినవాళ్లం మనం. పక్కింటాయన తన వాకిట్లో తానే సమాధి పెట్టుకుని, దాని మీద నవ్వొచ్చే పేరొకటి రాసుకుంటే మనకు మింగుడు పడదు.

అందుకే మన వాళ్లలో ఈ పండుగ పట్ల రెండు రకాల ధోరణులు కనిపిస్తాయి. ఇవి పరాయి దయ్యాల పనులు, మనకెందుకని ముఖం తిప్పుకోవడం ఒకటి. పిల్లలు ఏడుస్తున్నారు కాబట్టి ఒక వేషం కొనిచ్చి, సంచీ పట్టించి, ఫొటో తీసి పెట్టేస్తే సరిపోతుందనుకోవడం రెండోది. మొదటి వాళ్లు దయ్యాన్ని మాత్రమే చూస్తున్నారు, రెండో వాళ్లు చాక్లెట్‌ని మాత్రమే చూస్తున్నారు. రెండింటి మధ్యా ఉన్న తలుపు ఇద్దరికీ ఆనడం లేదు. అక్కడి మిగతా పండుగలు చూడండి. థాంక్స్‌గివింగ్ విందుకు ఎవరో పిలిస్తే తప్ప వెళ్లలేం. క్రిస్మస్ నాడు ఎవరి ఇంట్లో వాళ్లు ఉంటారు. జులై నాలుగున బాణసంచా చూడటానికి జనమంతా పార్కులకు పోతారు. ముందు ఫోన్ చేయకుండా ఒకరింటికి ఒకరు వెళ్లని సమాజంలో, ముక్కూముఖం తెలియనివాళ్లు పిలవకుండా మీ గుమ్మానికొచ్చి నిలబడే సాయంత్రం ఏడాదికి ఒక్కటే. వలస వెళ్లినవాడికి హాలోవీన్ విలువ అక్కడుంది. ఆ రాత్రి భయమంతా నటన, ఇరుగుపొరుగుతనం మాత్రం నిజం.

టర్నిప్ నుంచి గుమ్మడికాయ దాకా

హాలోవీన్ కథను కెల్టిక్ ప్రజల ‘సావిన్’ పండుగతో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఐర్లండ్‌లో వేసవి మేతకు వెళ్లిన పశువులు ఇళ్లకు చేరి, చలికాలం మొదలయ్యే రోజది. ఆ రాత్రి ఈ లోకానికీ ఆ లోకానికీ మధ్య తలుపులు తెరుచుకుంటాయన్న ఊహ అక్కడి పాత కథల నిండా ఉంది. అయితే ఆ కథలు రాతకెక్కింది క్రైస్తవం వచ్చాకే. అంతకు ముందు నుంచే అది చనిపోయినవారి పండుగ అనడానికి గట్టి ఆధారాలు లేవని రొనాల్డ్ హటన్ లాంటి చరిత్రకారులు హెచ్చరిస్తారు. మనకు స్పష్టంగా తెలిసింది చర్చి క్యాలెండర్. తొమ్మిదో శతాబ్దం నాటికి పశ్చిమ యూరప్‌లో నవంబర్ 1 సకల పునీతుల పండుగగా స్థిరపడింది, ఆ తర్వాత నవంబర్ 2 మృతుల ఆత్మలకు కేటాయించారు. పునీతులను పాత ఇంగ్లిష్‌లో ‘హాలో’ అనేవారు. వాళ్ల పండుగ ముందటి సాయంత్రం ‘హాలోస్ ఈవ్’. అదే నోళ్లలో నలిగి హాలోవీన్ అయింది. ఆ రోజుల్లో ఇంగ్లండ్ పేదలు ఇంటింటికీ వెళ్లి, ఆ ఇంట్లో పోయినవాళ్ల కోసం ప్రార్థన చేస్తామని చెప్పి ‘సోల్ కేక్’ అనే చిన్న రొట్టెలు పుచ్చుకునేవారు. షేక్‌స్పియర్ ‘టూ జెంటిల్మెన్ ఆఫ్ వెరోనా’లో ఒక పాత్ర దీనమైన గొంతును ఈ పండుగ నాటి బిచ్చగాడి గొంతుతో పోలుస్తుంది. నాటకం చూసే జనానికి అది అంత ఎరుకైన దృశ్యమన్నమాట. అంటే తలుపు తట్టడం ఈ పండుగకు చాక్లెట్ కంపెనీలు నేర్పిన విద్య కాదు, వాటికన్నా ఎన్నో వందల ఏళ్ల పాతది.

ఐర్లండ్ జాతీయ మ్యూజియంలో గ్రామీణ జీవితానికి కేటాయించిన విభాగంలో హాలోవీన్ కోసం టర్నిప్ దుంపను తొలిచి చేసే దీపానికి నమూనా ఒకటి ఉంది. డోనెగల్ కౌంటీలోని ఫిన్‌టౌన్ నుంచి చేరిన వస్తువది. నొక్కుకుపోయిన ముఖం, గుంటల్లాంటి కళ్లు, ఎగుడుదిగుడు పళ్లు. ఇప్పటి గుమ్మడికాయ నవ్వుతుంది, ఆ టర్నిప్ నవ్వదు. ఇది పాతకాలపు భయానికి అసలు ముఖం. 1845 నుంచి 1852 దాకా బంగాళదుంప పంట కుళ్లిపోయి ఐర్లండ్‌లో దాదాపు పది లక్షల మంది చనిపోయారు. ఇంచుమించు మరో అంతమంది ఓడలెక్కి వలస పోయారు. అమెరికా చేరినవాళ్లకు అక్కడ టర్నిప్ కన్నా పెద్దగా, తొలవడానికి తేలికగా ఉండే గుమ్మడికాయ దొరికింది. తెచ్చుకున్న పండుగను అక్కడి కాయలోకి మార్చుకున్నారు. ఇవాళ అమెరికన్ పండుగ అని మనం అంటున్నది నిజానికి కరవుకు తాళలేక వెళ్లిన వలస కూలీలు మూట కట్టుకెళ్లిన పండుగ. వలస వెళ్లినవాళ్లకు ఇందులో చోటేమిటని అడిగేవారికి చరిత్ర ఇచ్చే సమాధానం ఇదే.

కొత్త దేశంలో ఈ పండుగ చాలాకాలం అల్లరికి మారుపేరుగా ఉంది. కుర్రకారు రాత్రికి రాత్రి గేట్లు ఊడదీసుకుపోవడం, కిటికీలకు సబ్బు పూయడం, కనిపించిందల్లా బోర్లా పడేయడం మామూలైంది. ఆ గొడవ తట్టుకోలేక మినెసోటాలోని అనోకా పట్టణం పిల్లల్ని వేరే పనిలో పెడదామని 1920లో హాలోవీన్ ఊరేగింపు మొదలుపెట్టింది. తనను తాను ప్రపంచ హాలోవీన్ రాజధాని అని ఇప్పటికీ పిలుచుకుంటుంది. ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ అన్న మాట వ్యాపించింది కూడా ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలోనే. ‘పెడతారా, తుంటరి పని చేయమంటారా’ అన్న ఆ బెదిరింపు ఒక రాజీ ఒప్పందం. ఇంటివాడు తాయిలం ఇస్తాడు, పిల్లలు గేటు జోలికి పోరు. రెండో ప్రపంచ యుద్ధం నాటి చక్కెర రేషన్ ఎత్తేశాక ఈ ఒప్పందం దేశమంతా పాకింది. ఊరి అల్లరిని ఊరే కూర్చుని మర్యాదగా మార్చుకున్న వైనమది.

వరండా దీపం చెప్పే మాట

ఆ మర్యాదకు రాయని నియమాలున్నాయి. కొత్తగా వెళ్లినవాళ్లు తెలుసుకోవాల్సింది వాటినే. గుమ్మం దగ్గర లైటు వెలుగుతుంటే రమ్మని అర్థం. ఆరి ఉంటే ఈ ఇంటికి రావద్దని అర్థం. అలా ఆర్పేసుకున్నవాళ్లను ఎందుకని ఎవరూ అడగరు. పొద్దు వాలాక చిన్నపిల్లలు అమ్మానాన్నల వేలు పట్టుకుని ముందు వస్తారు, కాస్త పెద్దవాళ్లు గుంపులుగా చీకటి పడ్డాక వస్తారు. రాత్రి ఎనిమిది, తొమ్మిదింటికి వీధి సద్దుమణుగుతుంది. ఇచ్చే మిఠాయి కంపెనీ కాగితం చుట్టినదై ఉండాలి. ఇంట్లో వండిన లడ్డూ ఎంత ప్రేమగా పెట్టినా తల్లిదండ్రులు అది పిల్లల్ని తిననివ్వరు. అది అవమానం కాదు, అక్కడి జాగ్రత్త. గుమ్మం ముందు నీలి ఆకుపచ్చ రంగు వేసిన గుమ్మడికాయ కనిపిస్తే, వేరుశనగ లాంటివి పడని పిల్లలకు ఆ ఇంట్లో తినే వస్తువులు కాక చిన్న బొమ్మలో, పెన్సిళ్లో ఉన్నాయని గుర్తు. ఆహార అలర్జీల మీద పనిచేసే ఒక సంస్థ 2014లో దేశమంతటా ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిది. వేషం వేసుకొచ్చిన పిల్లను చూసి ‘ఎవరమ్మా నువ్వు’ అని అడగాలి. ఆ ప్రశ్న కోసమే ఆ పిల్ల నెల రోజులుగా ఎదురు చూస్తుంటుంది.

ఇవన్నీ చిన్న విషయాల్లా కనిపిస్తాయి. కానీ ఒక ఊరి మర్యాద తెలిసిందనడానికి ఇలాంటి చిన్నవే సాక్ష్యాలు. పొద్దున్నే కారెక్కి ఆఫీసుకీ, సాయంత్రం గరాజ్ తలుపు తీసుకుని తిన్నగా ఇంట్లోకీ వెళ్లే జీవితంలో పక్కింటివాళ్ల పేర్లు తెలియకుండా ఏళ్లు గడిచిపోవచ్చు. ఒక్క సాయంత్రం గుమ్మంలో కుర్చీ వేసుకు కూర్చుంటే ఆ వీధి పిల్లలూ, వాళ్ల వెనక కాస్త దూరంలో నిలబడ్డ తల్లిదండ్రులూ అందరూ కనిపిస్తారు. మంచు తుపాను పడి కరెంటు పోయిన రోజున అక్కరకొచ్చేది ఆ పరిచయమే.

పప్పుబెల్లాల చుట్టరికం

నిజం చెప్పాలంటే ఈ తంతు మనకు పూర్తిగా కొత్త కూడా కాదు. ఒకప్పుడు దసరా వచ్చిందంటే బడిపంతుళ్లు పిల్లల చేతికి రంగు కాగితాలంటించిన విల్లంబులిచ్చి, పద్యాలు పాడిస్తూ ఇంటింటికీ తిప్పేవారు. పిల్లలు పూలూ బుక్కాగుండా ఇంటివాళ్ల మీద చిమ్మేవారు. పంతులుగారికి దక్షిణ, పిల్లలకు పప్పుబెల్లాలు. వేషం కట్టి ఇల్లిల్లూ తిరగడం పగటివేషగాళ్లకు వృత్తి. ఇంటి గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టడం, కట్టే ఇంటికి కోరలూ మీసాలూ ఉన్న దిష్టిబొమ్మ తగిలించడం నేటికీ ఉంది. భయంకరమైన ముఖాన్ని వాకిట్లో పెడితే చెడు లోపలికి రాదన్న ఊహ ఐర్లండ్ రైతుదీ, మన రైతుదీ ఒకటే. కోస్తా జిల్లాల్లో దీపావళి సాయంత్రం గోగు కాడలకు గుడ్డపేలికలు కట్టి పిల్లల చేత దివిటీలు కొట్టించేది పితృదేవతలకు దారి చూపడానికని పెద్దలు చెబుతారు. తెలంగాణలో పెత్రామాస నాడు పోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇచ్చుకుంటారు, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. చనిపోయినవారి తలపూ, పూల పండుగా ఒకే రోజున పక్కపక్కనే కూర్చునే నేల మనది.

ఈ పోలికలు చూసి ‘అన్నీ మన దగ్గర నుంచి వెళ్లినవే’ అనేస్తే పొరపాటు. ఏ ఆధారమూ లేదు. పంట ఇంటికొచ్చి, పగళ్లు కురచబారే కాలంలో దీపాన్నీ, పెద్దలనీ తలుచుకోవడం మనుషులకు చాలాచోట్ల తోచిన పని, అంతే. పోలిక చూడటం వల్ల ప్రయోజనం వేరే ఉంది. పప్పుబెల్లాలు తెలిసినవాడు గుమ్మంలో సంచీ పట్టుకు నిలబడ్డ పిల్లను బిచ్చగత్తెగానో దయ్యంగానో కాక, పిల్లగా చూడగలడు.

మన దయ్యాలు కావుగా!

ఈ పండుగకు మన వాళ్ల నుంచి ఎదురయ్యే అభ్యంతరాల్లో మొదటిది మతానికి సంబంధించింది. దయ్యాలతో ఆటలేమిటి, అరిష్టం కదా అని హిందూ కుటుంబాలూ, అది సాతాను రాత్రి అని కొన్ని తెలుగు క్రైస్తవ కుటుంబాలూ జంకుతాయి. ఆ జంకు మనకు మాత్రమే ప్రత్యేకం కాదు. అమెరికాలోనే అనేక చర్చిలు దీన్ని ఒప్పుకోవు. బదులుగా పంట పండుగ పేరుతో వేరే కార్యక్రమాలు పెడతాయి, లేదా చర్చి ఆవరణలో కార్ల డిక్కీలు అలంకరించి అక్కడే పిల్లలకు మిఠాయి పంచుతాయి. అయితే ఒక మాట గమనించాలి. వీధిలో జరిగే ఈ ఆటలో దయ్యానికి పూజ లేదు, మంత్రం లేదు, నైవేద్యం లేదు. దయ్యాన్ని వేషంగా మార్చి పిల్లల చేత నవ్వించడమే ఉంది. అయినా మనసొప్పనివాళ్లకు ఈ పండుగే దారి చూపించింది. లైటు ఆర్పేసుకోవచ్చు. వద్దనుకున్నవాణ్ని సంజాయిషీ అడగని పండుగలు లోకంలో చాలా తక్కువ.

రెండో అభ్యంతరం వ్యాపారం. ఇందులో నిజముంది. 2023లో హాలోవీన్ మీద అమెరికన్లు 1220 కోట్ల డాలర్లు ఖర్చు పెడతారని అక్కడి చిల్లర వర్తకుల సమాఖ్య లెక్కగట్టింది. ఒక్క రాత్రి వేసుకుని పారేసే వేషాలు, పెంపుడు కుక్కలకు కూడా దుస్తులు, చెత్తకుప్పలకు చేరే టన్నుల కొద్దీ గుమ్మడికాయలు. కానీ అక్షయ తృతీయను బంగారు కొట్లకు అప్పజెప్పినవాళ్లం, ఈ కారణంతో మరొకరి పండుగను కొట్టిపారేయడానికి మనకు నోరు రాకూడదు. పైగా హాలోవీన్‌కు అసలు కావాల్సింది ఒక గిన్నెడు మిఠాయి, వెలిగే ఒక బల్బు. పాత చీరతో రాణీ వేషం కట్టిన పిల్లకూ, వంద డాలర్ల వేషం వేసిన పిల్లకూ గుమ్మంలో దొరికేది అదే చాక్లెట్.

మూడోది ప్రాణభయం. అపరిచితులిచ్చే మిఠాయిలో విషం ఉంటుందన్న పుకారు ఏటా లేస్తుంది. దశాబ్దాల వార్తలు జల్లెడ పట్టిన సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్‌కు, ఇలా ఒక అపరిచితుడిచ్చిన మిఠాయి తిని పిల్లలు చనిపోయినట్టు రుజువైన ఘటన ఒక్కటీ దొరకలేదు. 1974లో టెక్సాస్‌లో విషం పెట్టిన మిఠాయికి బలైన బాలుడి కేసులో దోషి కన్నతండ్రే అని తేలింది. అసలు ప్రమాదం రోడ్డు మీదుంది. 1975 నుంచి 2016 దాకా లెక్కలు చూసిన ఒక వైద్య అధ్యయనం, చుట్టుపక్కల మామూలు సాయంత్రాలతో పోలిస్తే హాలోవీన్ సాయంత్రం వాహనాలు ఢీకొని పాదచారులు చనిపోయే ముప్పు 43 శాతం ఎక్కువని తేల్చింది. నల్ల వేషం వేసిన పిల్లకు వీపున మెరిసే పట్టీ అంటించడం, చేతికి టార్చి ఇవ్వడం మిఠాయి వెతికి చూడటం కన్నా పెద్ద జాగ్రత్త.

ఆగాల్సిన గుమ్మాలు

ప్రతి తలుపూ తట్టొచ్చని కాదు. 1992 అక్టోబర్‌లో లూసియానాలోని బాటన్ రూజ్‌లో పదహారేళ్ల జపాన్ విద్యార్థి యోషిహిరో హట్టోరి, హాలోవీన్ పార్టీకి వెళ్తూ వేషంలోనే పొరపాటున వేరే ఇంటి గుమ్మానికి వెళ్లాడు. ఇంటి యజమాని కాల్పుల్లో చనిపోయాడు. అది పండుగ రాత్రి కాదు, దానికి రెండు వారాల ముందు. చదువుకోవడానికి వెళ్లే మన పిల్లలందరికీ తెలియాల్సిన ఉదంతమిది. తుపాకులున్న దేశంలో పిలుపు ఎక్కడుందో, ఎక్కడ లేదో చూసుకోవడం మర్యాద మాత్రమే అనుకోకూడదు, ప్రాణరక్షణ కూడా. 2022 అక్టోబర్ 29న సియోల్‌లోని ఇతేవాన్ సందులో హాలోవీన్‌కు చేరిన జనం తొక్కిసలాటలో 159 మంది చనిపోయారు, వాళ్లలో విదేశీయులూ ఉన్నారు. ఆ మరుసటి ఏడు టోక్యోలో షిబుయా వార్డు మేయర్, హాలోవీన్‌కు మా వీధులకు రావద్దని ప్రపంచానికే విజ్ఞప్తి చేశాడు. గుమ్మాలూ, ఇంటివాళ్లూ లేకుండా వేషాలూ, గుంపులూ మాత్రమే మిగిలిన చోట హాలోవీన్ ఎలా మారుతుందో ఈ రెండు నగరాలూ చూపించాయి.

మెక్సికోలో నవంబర్ 1, 2 తేదీల్లో జరిగే మృతుల దినాన్ని చాలామంది హాలోవీన్‌తో కలిపేస్తారు. 2008లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఈ పండుగ తీరు వేరు. ఇంట్లో అరల మీద పోయినవాళ్ల ఫొటోలు, వాళ్లకిష్టమైన తిండి, కొవ్వొత్తులు పెట్టి, వాళ్లకు దారి తెలియడానికి బంతిపూల రేకలు పరుస్తారు. మన బతుకమ్మలో పేర్చే బంతి కూడా ఆ మెక్సికో నేలదే. యూరప్ వాళ్ల ఓడలెక్కి మన దగ్గరికి వచ్చింది. మెక్సికో నగరంలో ఏటా జరిగే అస్థిపంజరాల భారీ ఊరేగింపు మాత్రం పాతది కాదు. 2015లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా ‘స్పెక్టర్’లో అలాంటి సన్నివేశం చూసి, 2016లో మొదలుపెట్టారు. ఆ ఊరేగింపు పర్యాటకుల్ని కూడా దృష్టిలో పెట్టుకుని మొదలైందే. అందులో ముఖానికి రంగేసుకుని తిరగొచ్చు. కానీ శ్మశానంలో తల్లి సమాధి పక్కన కొవ్వొత్తి వెలిగించి కూర్చున్న కుటుంబం ముఖం మీద కెమెరా పెట్టకూడదు. పెత్రామాస నాడు మనింట్లో జరిగే తంతును ఎవరో తెలియని మనిషి వీడియో తీస్తే ఎలా ఉంటుందో ఊహించుకుంటే చాలు.

మసాచుసెట్స్‌లోని సేలం పట్టణం ఇంకో పాఠం. జనాభా 44 వేల చిల్లర. ఇటీవలి కాలంలో ఒక్క అక్టోబర్‌లోనే అక్కడికి పది లక్షలకు పైగా సందర్శకులు వస్తున్నారు. మంత్రగత్తె టోపీలు, చీపురుకట్టలు, రాత్రి దయ్యాల నడకలు. 1692లో మంత్రగత్తెలన్న ముద్ర వేసి అక్కడ 19 మందిని ఉరి తీశారు, మరొకరిని రాళ్ల కింద నొక్కి చంపారు. శిక్ష పడినవాళ్లలో ఆఖరి మహిళ పేరు మీద మచ్చ తుడవడానికి 2022 దాకా పట్టింది. సేలం వెళ్లే తెలుగు పర్యాటకుడు టోపీ కొనుక్కునే ముందు వాళ్ల కోసం 1992లో కట్టిన స్మారకం దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. చేతబడి, బాణామతి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన పల్లెల నుంచి ఇప్పటికీ వస్తున్నాయి. సేలంకు మూడొందల ఏళ్ల కిందటిదైన భయం మనకు ఇవాళ్టిది. భయాన్ని ఆటగా మార్చుకోగలగడం ఒక సమాజం దాటిన దూరానికి గుర్తు. ఆ దూరం మనమింకా దాటాల్సి ఉంది.

వాకిట్లో దీపం

ఆఫీసులో హాలోవీన్ వేషాల పోటీ పెడితే మొహమాటపడి ఆ రోజు సెలవు పెట్టనక్కర్లేదు. ఒక జాతి ముఖాన్నో, ఒకరి మత చిహ్నాన్నో నవ్వులాటకు వాడుకోకుండా ఉంటే చాలు. మన దేవుళ్ల వేషం ఎవరైనా ఎగతాళిగా వేస్తే మనకెలా నొప్పి కలుగుతుందో, ఇతరులకూ అంతే. పిల్లలకు వేషం కట్టేటప్పుడు కొన్నదే కావాలని లేదు. మాయాబజార్ ఘటోత్కచుడూ, కొరివిదయ్యమూ, శాకినీ ఢాకినీ ఎవరికన్నా తక్కువ కాదు. ‘ఎవరు నువ్వు’ అని పొరుగింటావిడ అడిగినప్పుడు తెలుగింటి పిల్ల చెప్పే కథ ఆ వీధికి కొత్త కానుక.

ఇంకో పని కూడా మిగిలి ఉంది. 2024లో దీపావళీ, హాలోవీనూ అక్టోబర్ 31నే పడ్డాయి. ఒకే వాకిట్లో ప్రమిదా, గుమ్మడికాయ దీపమూ పక్కపక్కన వెలిగే అవకాశం క్యాలెండరే ఇచ్చింది. అది మళ్లీ వచ్చే దాకా ఆగక్కర్లేదు. పొరుగువాళ్ల పిల్లలు మన గుమ్మానికొచ్చారు కాబట్టి, బొమ్మల కొలువుకో బతుకమ్మకో వాళ్ల అమ్మల్ని పిలవాలి. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా సాగితేనే అది పొరుగవుతుంది. మన దేవాలయాల్లో, తెలుగు సంఘాల హాళ్లలో మనలో మనమే పండుగ చేసుకుని ఇంటికొచ్చి తలుపేసుకుంటే ఎన్నేళ్లున్నా ఆ వీధికి అద్దెకున్నవాళ్లుగానే మిగులుతాం.

ఈసారి అక్టోబర్ 31న పొద్దు వాలగానే గుమ్మం దగ్గర లైటు వేయండి. గిన్నెడు చాక్లెట్లు పట్టుకుని తలుపు దగ్గర కూర్చోండి. వచ్చిన దయ్యాన్ని పేరు అడగండి, మీ పేరు చెప్పండి.